పూలవిత్తనము నేరుట, దాచుట

దసరా దినములలో బంతిపూలకు గిరాకి హెచ్చు. అందుచేత మనలో పెక్కుమంది తొలికాపులోని పెద్దపూలనన్నింటిని కోసి యమ్మివేసి, కడపట చెట్లకు మిగిలిన చిన్నపూలను మరుసటి యేటి విత్తనమునకు దాచుచున్నారు. మేమును కొన్నియేండ్లు అట్లే చేసితిమి. ఏటేట పూవు చిన్నదై, ఱేకులు పలుచనై, తుదకు సంతలో మా బుట్టను అడుగువారు లేకపోయిరి. తప్పు నేలది కాదు, విత్తనము నేరుటలోనిది.

తొలికాపుననే తెగులులేక గుబురుగా నెదిగిన పది పండ్రెండు మొక్కలను గుర్తించి, వానికి రంగుదారము కట్టవలెను. వానిపై నిండుఱేకుల పూలను కొన్నింటిని కోయక వదలవలెను. ఆ పూల వెల నష్టమని తోచును గాని, రాబోవు తోటకు పెట్టుబడి యదియే. ఒంటిఱేకు మొక్కలను కనబడగనే పెరికివేయవలెను. లేనిచో తేనెటీగలు వాని పుప్పొడిని మంచిపూలకు చేర్చును.

ఱేకులు వాడి, పూవు క్రింది పచ్చని తొడిమ గోధుమవన్నెకు వచ్చిన పిదప, మంచు ఆరిన వేళ కోయవలెను. తడిసిన పూవు బూజుపట్టును. నీడలో వారము దినములు ఆరబెట్టి నలుపవలెను. నల్లని మొదలును తెల్లని కుచ్చును గలవి గట్టిగింజలు. మొత్తము తెల్లనివి తాలు. గట్టిగింజలను పొట్లముగట్టి, రకమును సంవత్సరమును వ్రాసి, బిగువైన మూతగల సీసాలో చల్లనిచోట నుంచవలెను. పొయ్యిదాపున నుంచరాదు.

కోడిజుట్టు, గునుగు కంకులను గుడ్డపై దులిపిన చాలును. చంద్రకాంత గింజలు మిరియములవలె నల్లనై రాలును, ప్రతిదినము నేరుకొనవలెను. చామంతికి మాత్రము విత్తనముకన్న పిలకలే మేలు; వానివలన తల్లిపూవే మరల వచ్చును.

అంగడిలో కొన్న సంకరజాతి బంతినుండి విత్తనము తీయుట వ్యర్థము. దాని సంతతి తల్లిని పోలక పలువిధములుగా పూయును. నాటురకముల విత్తనమునే దాచుకొనవలెను.

ఆషాఢమున నారు పోయుటకు ముందు ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి వారము దినములు చూడుడు. పదునైదు మొలచినచో విత్తనము మంచిదే. పది మాత్రమే మొలచినచో ఒత్తుగా చల్లవలెను. అంతకు తగ్గినచో పొరుగు సభ్యునొద్ద అడిగి తెచ్చుకొనవలెను. చేబదులుగా తెచ్చిన పిడికెడు విత్తనమునకు మరుసటియేట రెండు పిడికెళ్లు తీర్చుట మనకు భారము కాదు. సహకారమనగా నిదియే గదా!