బొగ్గు ఊళ్లో పాత కారు

పాత కారును ఇంటి దగ్గర బాగుచేయడమంటే చాలావరకు తుప్పుతో తలపడడమే. ఇంజను పాడైతే లేత్ షాపుకు పంపి బోరు చేయించవచ్చు, టైరు అరిగితే మార్చవచ్చు. రేకు పుచ్చిపోతే మాత్రం కారే మిగలదు. అంబాసిడర్ విషయంలో ఇది మరీ నిజం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి, 2014 మే దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసీ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. అందులోనూ తలుపుల కింద డొల్లగా ఉండే రేకు పెట్టెలే ముఖ్యం. వాటిని తుప్పు లోపల్నుంచి తినేస్తే, పైకి తళతళలాడే బండి కూడా నడుములో కుంగుతుంది.

ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తేనే తుప్పు. రేకు మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, పక్కనే మరో చోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. మధ్యలో నీటి పొర తీగలా పనిచేస్తుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగు ఉబ్బి పగులుతుంది, ఆ పగుల్లోంచి మళ్లీ నీరు దిగుతుంది.

బొగ్గు గనులున్న కొత్తగూడెం లాంటి చోట తుప్పుకు ఇంకో రెండు తోడవుతాయి: పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, దుమ్ము. బ్రిటిష్ శాస్త్రవేత్త డబ్ల్యూ. హెచ్. జె. వెర్నన్ 1930లలో చేసిన ప్రయోగాల్లో, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఉన్నప్పుడు తేమ సుమారు 60 శాతం దాటగానే తుప్పు ఒక్కసారిగా పెరిగింది. ఇనుము మీద కట్టెబొగ్గు పొడి కూడా ఉంటే మరింత ఎక్కువైంది. పొడి ఆ వాయువును పీల్చి లోహానికి అంటిపెట్టి ఉంచడమే కారణం. సింగరేణి బొగ్గు సంస్థకు కేంద్రమైన కొత్తగూడెంలో ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, పాల్వంచ థర్మల్ కేంద్రం పొగ, వానాకాలపు తేమ ఒకేచోట కలుస్తాయి. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువే, కానీ కాల్చే బొగ్గు తక్కువ కాదు. పైగా బానెట్ అంచుల్లో, మడ్‌గార్డు మడతల్లో పేరుకున్న దుమ్ము వాన వెలిసిన చాలాసేపటి దాకా తడిని పట్టి ఉంచుతుంది.

ఇక్కడ అసలు కీలకం సల్ఫేటు. సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి గంధకామ్లమై ఇనుమును ఐరన్ సల్ఫేటుగా మారుస్తుంది. అది గాలికి మారి తుప్పవుతూ ఆమ్లాన్ని మళ్లీ విడుదల చేస్తుంది. కొద్దిపాటి సల్ఫేటు ఇలా ఎన్నోసార్లు తిరిగి వాడుకలోకి వస్తుంది. అందుకే తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టిన బండి ఒకటి రెండు వానాకాలాలకే బుడగలు తేలుతుంది. తప్పు రంగుది కాదు, కింద మిగిలిన సల్ఫేటు ఉప్పుది.

కాబట్టి పని వరుస ముఖ్యం. రంగు, పుట్టీ తెల్ల లోహం కనిపించేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం ఫాస్ఫేటుగా మారుస్తుంది. తర్వాత శుభ్రమైన నీటితో కడిగి లవణాలు పోగొట్టి, వెంటనే ఆరబెట్టి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. చిన్న విడిభాగాలను వాషింగ్ సోడా కలిపిన నీటిలో ముంచి 12 వోల్టుల చార్జరు రుణ ధ్రువానికి కలిపినా తుప్పు వదులుతుంది. ధన ధ్రువానికి మామూలు ఇనుమే వాడాలి. స్టెయిన్‌లెస్ స్టీలైతే విషపూరిత క్రోమియం నీటిలోకి దిగుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి.

పుచ్చిన రేకును కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డకమ్మీలు వెల్డు చేసి, బండికి కింద గట్టి ఆసరాలు పెట్టాలి. లేకపోతే బాడీ వంకరపోయి తలుపులు పడవు. ఫిట్టరు, వెల్డరు పనివాళ్లకు సింగరేణి వర్క్‌షాపు ఉన్న ఊళ్లో కొదవ లేకపోవడం పెద్ద సౌకర్యం. పెట్రోలు ట్యాంకు దగ్గర మాత్రం మంట వద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనును సెల్ఫు కొట్టి లేపకూడదు, తోసి లేపకూడదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంకును చేత్తో మెల్లగా కదిపితే రింగులు విరగవు. దేశంలో 2000లో సీసం పెట్రోలు ఆగిపోయింది. ఎగ్జాస్ట్ వాల్వు సీట్లకు ఆ సీసమే రక్షణ కనుక, హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించడం మంచిది. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను లాగుతుంది, మిశ్రమాన్ని పలచన చేస్తుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, కార్బురేటర్ జెట్లు సరిచూడాలి.

అన్నీ అయ్యాక రేకు పెట్టెల్లోకి మైనం కలిపిన నూనెను పిచికారీ చేయాలి. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. ఇక కాగితాల సంగతి. మొదట రిజిస్టరై 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కారుకు 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించడానికి తీయవచ్చు గానీ రోజూ తిప్పడానికి వీల్లేదు.