ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు!

వెయ్యి గజాల దూరం. కిలోమీటరుకు కాస్త తక్కువ. అక్కడ గురిపటం మీద మూరెడు దాటి వెడల్పున్న ఒక వలయం. బుల్లెట్ అందులో పడితే పది పాయింట్లు. అసలు పటానికే తగలకపోతే సున్నా.

లాంగ్ రేంజ్ రైఫిల్ పోటీల్లో ఆడవాళ్లని చెప్పి దూరం తగ్గించరు, వలయం పెంచరు. మగవాళ్ల పక్కనే బోర్లా పడుకుని కాల్చాలి. అలా కాల్చే 1930లో ఇంగ్లండ్‌లోని బిస్లీలో మార్జొరీ ఫాస్టర్ 'కింగ్స్ ప్రైజ్' గెలిచారు. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. రెండో స్థానంలో నిలిచిన సైనికాధికారికీ ఆవిడకూ తేడా ఒకే ఒక్క పాయింటు! అమెరికాలోని క్యాంప్ పెరీలో జరిగిన జాతీయ హైపవర్ రైఫిల్ పోటీలో 1998లో నాన్సీ టాంప్కిన్స్, 2010లో ఆమె కూతురు షెరీ గాలగర్ విజేతలయ్యారు. ఆ టైటిల్ గెలిచిన మొదటి మహిళ తల్లి అయితే, రెండో మహిళ కూతురు.

ఒక్క పాయింటుతో తలరాత మారే ఆటలో గురి కుదిరితే సరిపోతుందా? బుల్లెట్ కూడా మాట నిలబెట్టుకోవాలి కదా!

కాసంత బరువు

ఈ పోటీల్లో వాడే ఒక రకం బుల్లెట్ బరువు 9 గ్రాములు. కాసు బంగారం కన్నా ఒక గ్రాము ఎక్కువ, అంతే. లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు. ఆ తొడుగు ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉంటే? వాషింగ్ మెషీన్‌లో బట్టలన్నీ ఒక పక్కకు చేరితే ఎలా ఊగిపోతుందో మనకు తెలిసిందే. ఇక్కడ బుల్లెట్ నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరిగే వేగంతో వెళ్తుంది. ఊగిందంటే దారి తప్పినట్లే.

అందుకే పోటీకి వెళ్లేవాళ్లలో చాలామంది పెట్టె విప్పగానే కంసాలిలా తక్కెడ ముందు కూర్చుంటారు. బరువు, పొడవు చూసి ఒకేలా ఉన్నవి వేరు చేస్తారు. స్వెటర్ అల్లేవాళ్లు ఊలు ఒకే లాట్ నంబరుది కొంటారు చూడండి, అలాగే వీళ్లూ ఒకే లాట్ బుల్లెట్లు కొని దాచుకుంటారు.

తర్వాత వేగం కొలుస్తారు. ఒక బుల్లెట్‌కూ మరో బుల్లెట్‌కూ సెకనుకు 30 అడుగుల తేడా వచ్చిందనుకోండి. వంద గజాల దగ్గర అది కంటికి ఆనదు. వెయ్యి గజాల దగ్గర మాత్రం దాదాపు జానెడు కిందకో పైకో పోతుంది!

గాల్లోనే మాయం

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కొన్ని బుల్లెట్లు అసలు గురిపటం దాకా చేరవు. వరసగా కాల్చేసరికి గొట్టం వేడెక్కుతుంది. లోపలి గోడలు అరిగి గరుకుగా ఉంటే రాపిడి మరీ ఎక్కువ. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. లోపలి సీసం మెత్తబడితే, ఆ సుడి వేగానికి తొడుగు చిరిగి బుల్లెట్ గాల్లోనే తునాతునకలవుతుంది. కాల్చిన మనిషి తప్పేమీ లేకపోయినా సున్నా పడుతుంది.

ఇలాంటి లోపం చల్లటి గొట్టంతో మూడు నాలుగు బుల్లెట్లు కాలిస్తే బయటపడకపోవచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఇక్కడ ఆ లెక్క కుదరదు. మూడు బుల్లెట్లు పక్కపక్కనే పడ్డాయంటే అది అదృష్టం కూడా కావచ్చు. అందుకే పోటీలో ఎలా కాలుస్తారో అలాగే, వేడెక్కిన గొట్టంతో వరసగా ఇరవై కాల్చి చూడాలి. పెద్ద కాగితం కట్టి చిల్లులు లెక్కపెట్టుకోవాలి. ఇరవై కాలిస్తే ఇరవై చిల్లులు కనబడాలి. పంతొమ్మిదే ఉంటే, ఆ ఇరవయ్యోది ఏమైందో తేలేదాకా ఆ బుల్లెట్లను పోటీకి తీసుకెళ్లకపోవడమే మేలు. మరో రోజు, మరో ఎండలో మళ్లీ ఇదే పరీక్ష.

తప్పు ఎవరిది?

ఇంత చాకిరీ ఎందుకంటారా? గురి తప్పినప్పుడు 'తప్పు నాదా, బుల్లెట్‌దా?' అన్న అనుమానం మనసును తొలుస్తుంది. ఆ అనుమానంతోనే తర్వాతి గురీ చెదురుతుంది. బుల్లెట్‌ను ముందే పరీక్షించుకుంటే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. గాలి అంచనా తప్పిందా, చెయ్యి వణికిందా అని ధైర్యంగా తనను తాను సరిచూసుకోవచ్చు.

గెలిచిన రోజు అందరూ చూసేది పతకాన్నే. అంతకుముందు తక్కెడ ముందు, కాగితం మీది చిల్లుల ముందు గడిచిన గంటల సంగతి మాత్రం గెలిచిన మనిషికే తెలుసు.