పట్టికకెక్కని కప్పు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్‌కు ఆరు పతకాలొచ్చాయి: ఒక రజతం, అయిదు కాంస్యాలు. పాకిస్తాన్‌కు దక్కింది అర్షద్ నదీమ్ బల్లెం తెచ్చిన ఒక్క స్వర్ణమే. అయినా పట్టికలో పాకిస్తాన్‌ది 62వ స్థానం, మనది 71! ముందు స్వర్ణాలు, అవి సమానమైతేనే రజతాలు చూసే పద్ధతి అది. అమెరికా పత్రికలు ఎక్కువగా మొత్తం పతకాలు లెక్కేస్తాయి. అలా చూస్తే మనమే పైన. పోటీ క్రీడాకారుల మధ్యే కానీ దేశాల మధ్య కాదని ఒలింపిక్ చార్టర్ అంటుంది. వినేదెవరు?

పట్టికలో స్థానం చెప్పని విలువ కొన్ని పతకాలకుంటుంది. 2000లో సిడ్నీ నుంచి భారత్‌కు వచ్చిన ఏకైక పతకం సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరిది. 240 కిలోలెత్తి తెచ్చిన కాంస్యం.

అసలు ఏ పట్టికకూ ఎక్కని గెలుపులున్నాయి. 2025 నవంబరు 23న కొలంబోలో నేపాల్‌ను ఏడు వికెట్ల తేడాతో ఓడించి, అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌ను భారత్ గెలిచింది. ఆ జట్టులో పాడేరు మన్యం అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. బంతి లోపల గలగలలాడే చప్పుడే ఈ ఆటకు ఆధారం. అరకు, పాడేరు కొండలంటే కాఫీయే గుర్తొచ్చే రోజుల్లో అక్కడి అమ్మాయి ప్రపంచకప్ గెలవడం చిన్న సంగతేం కాదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్ వస్తోంది. పారాలింపిక్స్‌లో మాత్రం అంధుల క్రికెట్‌కు చోటు లేదు.