మళ్లీ నింపుకొనే స్ప్రే డబ్బాలు: చెత్తకూ, ముప్పుకూ విరుగుడు

జంషెడ్‌పూర్: దోమల మందు చల్లినా, ఇనుప తలుపుకు రంగు వేసినా పని పూర్తికాగానే స్ప్రే డబ్బాను చెత్తకుప్పలో విసిరివేయడం పరిపాటి. ఇక్కడి కాసిడీహ్ నుంచి హైదరాబాద్ దాకా ఇదే తంతు. ఇటువంటి అనేక డబ్బాలకు వాడే తగరపు పూత రేకు ఈ నగరంలోని గోల్‌మురిలోనే తయారవుతుండటం గమనార్హం. 1920లో ఏర్పడిన ఇక్కడి టిన్‌ప్లేట్ కంపెనీ 2024లో టాటా స్టీల్‌లో విలీనమైంది.

1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దరిమిలా ఓజోన్ పొరకు చేటుచేసే క్లోరోఫ్లోరో కార్బన్ల స్థానంలో మండే స్వభావంగల పెట్రోలియం వాయువుల వాడకం పెరిగింది. ఖాళీ అనుకున్న డబ్బాలోనూ కొంత వాయువు మిగిలి ఉండవచ్చు. దానికి రంధ్రం చేసినా, నిప్పుల్లో వేసినా ప్రమాదమే. ఆ ముప్పు ముందుగా చెత్త ఏరుకొనేవారికే.

మూత శాశ్వతంగా బిగించిన ఈ డబ్బాను ఇంట్లో తిరిగి నింపరాదు. మర తిప్పి తెరిచే గట్టి డబ్బా ఇందుకు ప్రత్యామ్నాయం. ద్రవం పోసి, పంపుతో గాలి ఎక్కిస్తే చాలు. అయితే ద్రవరూప వాయువు దాదాపు చివరిదాకా ఒకే ఒత్తిడి నిలుపుతుంది. గాలి ఒత్తిడి మాత్రం ద్రవం తగ్గేకొద్దీ పడిపోయి తుంపర ముతకబారుతుంది. అప్పుడు మళ్లీ గాలి ఎక్కించవలసిందే. తొలి ఖర్చు ఎక్కువే అయినా, రేకును కరిగించి కొత్త డబ్బా చేయడంకంటే ఉన్నదానినే పలుమార్లు నింపుకోవడం ఇంధనానికీ, పరిసరాలకూ మేలు.