సేవ్ కొడితే కోడ్ దానంతటదే సర్దుకోవాలి

ఫ్రెండ్స్, హిందూపురంలో ఒకరు, పెనుకొండలో ఒకరు, ధర్మవరంలో ఒకరు ఒకే జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్ రాస్తున్నారనుకోండి. ఒకరికి ట్యాబ్ అలవాటు, ఒకరికి 2 స్పేసులు, ఇంకొకరికి 4. ఎవరికి నచ్చినట్టు వాళ్లు సర్దితే, మార్చింది ఒక్క లైనే అయినా గిట్‌లో ఫైలంతా మారినట్టు కనిపిస్తుంది. అసలు తప్పు ఆ గందరగోళంలో ఎవరి కంటా పడదు.

వీఎస్ కోడ్‌లో ప్రెట్టియర్ ఎక్స్‌టెన్షన్ వేసి, దాన్నే డిఫాల్ట్ ఫార్మాటర్‌గా పెట్టి, ‘ఫార్మాట్ ఆన్ సేవ్’కి టిక్ కొట్టండి. ఇక కంట్రోల్ ఎస్ కొట్టినప్పుడల్లా అదే సర్దేస్తుంది. ఆటో సేవ్ ‘ఆఫ్టర్ డిలే’లో ఉంటే మాత్రం సేవ్ మీరే కొట్టాలి, లేకపోతే ఫార్మాట్ కాదు. చాలామంది ‘పనిచేయట్లేదన్నా’ అనేది ఇక్కడే!

ట్యాబా, స్పేసా? ముగ్గురూ మాట్లాడుకుని, ‘డాట్ ప్రెట్టియర్ ఆర్‌సీ’ అనే ఫైల్లో రాసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఉంచండి. పాత కోడ్‌ని ఒకేసారి ఫార్మాట్ చేసి, విడిగా కమిట్ చేయండి. కొత్త పనితో కలపొద్దు.