మడ అడవిలో ఒకపూట నడక

తీరగ్రామముల రైతులు మడ అడవిని దూరమునుండి చూచి, అది పనికిరాని బురద యని తలచుట కలదు. పదిమంది కలిసి, తెలిసిన మార్గదర్శిని వెంటబెట్టుకొని ఒకపూట అందులో నడచిన యెడల ఆ అభిప్రాయము మారును. కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి సముద్రమును చేరు ప్రాంతమున కోరంగి మడ అడవి కలదు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. కొంతమేర చెక్కబాట వేసియున్నందున పెద్దలును నడువవచ్చును.

బయలుదేరుటకు ముందు పోటు వేళ తెలిసికొనుడు. దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు పాటు వచ్చును. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. పున్నమికి, అమావాస్యకు పోటు హెచ్చు. పాటు వేళ పోయిననే వేళ్ళు, పీతలు, బురదలో ఎగిరే చేపలు కనబడును. మేమొకసారి ఈ లెక్క చూడక భోజనముచేసి పోయి, నీటిపై ఆకులను మాత్రము చూచి తిరిగి వచ్చితిమి. గుంపు మరీ పెద్దదైనచో వెనుకవారికి మార్గదర్శి మాట వినబడదు. తిల్ల చెట్టును తాకవద్దు. దాని పాలు కంటబడిన చూపునకే ముప్పు.

ముందుగా నేలను చూడుడు. మడ చెట్టు చుట్టును మేకులవలె వేళ్ళు పైకి పొడుచుకొని యుండును. బురదలో గాలి ఆడదు గనుక చెట్టు ఈ వేళ్ళద్వారా గాలి పీల్చుకొనును. బురద కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టును. మురుగు పోని వరిచేనిలో వేరు నల్లబడినప్పుడు వచ్చు వాసనయే యిది; మీ ముక్కునకు కొత్తదికాదు. తరువాత తెల్లమడ ఆకుల వంక చూడుడు. చెట్టు పీల్చిన ఉప్పులో కొంత ఆకుపైకి వచ్చి రవ్వలుగా మెరయును. పొన్న జాతి మడ మాత్రము ఉప్పును చాలవరకు వేరుకడనే ఆపివేయును. దాని గింజ తల్లిచెట్టుపైననే మొలకెత్తి, పొడవుగా వ్రేలాడి, పిదప బురదలో పడును. తెల్లమడనుండి ఉప్పును తట్టుకొను జన్యువులను తీసి వరిలో ప్రవేశపెట్టు పరిశోధనలు మనదేశముననే జరిగినవి.

ఈ అడవి మీకేమి చేయునని అడుగవచ్చును. 1839 తుపానులో ఉప్పెన వచ్చి కోరంగి రేవుపట్టణము నాశనమైనది. దట్టమైన మడ అల వేగమును తగ్గించును. అయితే గాలిని ఆపలేదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు కూలిన సంగతి మీరెరుగుదురు. కావున మడ యున్నదని తుపాను హెచ్చరికను లెక్కచేయక యుండరాదు. రొయ్యపిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు ఈ కాలువలలోనే పెరుగును.

మడను నరికినచోట ఎండ నేరుగా నేలపైబడి, నీరు ఆవిరియై, ఉప్పు పైకి తేలును. అక్కడ పడిన గింజ బ్రతుకదు. 1990ల చివరినుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి ఇట్టి చోట్ల చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. పోటునీరు లోపలికి వచ్చిపోవుచు ఉప్పును కడిగివేయగా, తరువాత మొక్కలు నాటిరి. మార్గదర్శి నడిగి అట్టి కాలువ నొకటి తప్పక చూడుడు.

మీ చేనికిని సూత్రమదియే, నీరు మాత్రము మంచినీరు కావలెను. తెల్లచౌడు మడిలో మంచినీరు నిలువగట్టి, ఉప్పు కరిగిన పిదప మురుగు కాలువలోనికి వదలవలెను. కాలువ లేక నీరు పెట్టుట వృథా. ప్రక్కన ఉప్పునీటి రొయ్యలచెరువు ఉన్నచో నడుమ ఊటకాలువ త్రవ్వింపుడు. జిప్సము కారుచౌడునకే గాని తెల్లచౌడునకు మందుకాదు. ఈ పొరపాటున డబ్బు పోగొట్టుకొన్న రైతులు పెక్కుమంది. ఏ చౌడో తేల్చుకొనుటకు వేసవిలో మట్టినమూనా తీసి పరీక్షకు పంపుడు. లవణ పరిమాణము 4 డెసిసైమన్లు దాటినచో, ఉదజని సూచిక 8.5కు లోపున్నచో అది తెల్లచౌడు.