ఒక జిల్లా, మూడు కమాండ్లు

2021 డిసెంబరు 8న నీలగిరుల్లో కూనూరు దగ్గర కూలిన హెలికాప్టర్‌లో త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ వెంట మన సీమ బిడ్డ ఒకడున్నాడు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువ రేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ. రావత్ భద్రత చూసే జవాను. ఆ రోజు వాళ్లు బయల్దేరింది వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి. మూడు దళాల అధికారులూ కలిసి చదువుకునే చోటది. మూడు దళాలూ ఒకే కమాండర్ కింద పోరాడే ఏర్పాటు కోసమే రావత్ పదవిలో ఉన్నన్నాళ్లూ పట్టుబట్టారు.

ఆ పట్టుదల ఎందుకో తిరుపతి జిల్లాను చూస్తే తెలుస్తుంది. ఇక్కడి నేల ఆర్మీ లెక్కలో చెన్నైలోని దక్షిణ భారత్ ఏరియాది. దాని పైఅధికారం పుణెలోని సదరన్ కమాండ్. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట ఒడ్డుకు పోతే, అక్కడి సముద్రం విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌ది. తలెత్తి చూస్తే ఆకాశం తిరువనంతపురంలోని దక్షిణ వైమానిక కమాండ్‌ది. ఆ ఒడ్డు నుంచే 2018లో వాయుసేన కోసం జీశాట్-7ఎ, 2025లో నౌకాదళం కోసం సీఎంఎస్-03 నింగికెగిశాయి. ఇంత ముఖ్యమైన తీరానికి ఆపద వస్తే ముగ్గురు కమాండర్లు మూడు ఊళ్ల నుంచి మాట్లాడుకోవాలి.

దేశమంతా ఇదే తీరు. ఆర్మీకి 7, వాయుసేనకు 7, నౌకాదళానికి 3 కమాండ్లు. ఎవరి హద్దులు వారివే. చైనా సరిహద్దు తూర్పు భాగాన్ని ఆర్మీ కోల్‌కతా నుంచి చూస్తే, వాయుసేన షిల్లాంగ్ నుంచి చూస్తుంది. ఈ ఏర్పాటు పాతది కూడా: సదరన్ కమాండ్ పుట్టుక 1895 నాటిది. మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీ సైన్యాలను కలిపేసిన ఏడాది అది.  చైనా మాత్రం 2016లో తన ఏడు సైనిక ప్రాంతాలను ఐదు ఉమ్మడి కమాండ్లుగా మార్చుకుంది. మనకు ఆ నమూనా 2001 నుంచీ అండమాన్‌లో ఉంది. దాన్ని ప్రధాన భూభాగానికి తేలేకపోయాం.

ఉమ్మడి కమాండ్లపై వాయుసేన భయం కొట్టిపారేయదగ్గది కాదు. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట అంతకంటే బాగా తక్కువ ఉన్నాయి. వాటిని కమాండ్లకు పంచేస్తే అవసరమైన చోటికి వెంటనే మళ్లించడం కష్టమన్నది వారి వాదన. దానికి జవాబు విమానాల సంఖ్య పెంచడమే కానీ, సంస్కరణను ఆపడం కాదని నా అభిప్రాయం.

ఉమ్మడి సంస్థల కమాండర్లకు మూడు దళాల సిబ్బందిపైనా క్రమశిక్షణాధికారం ఇచ్చే చట్టం 2023లో వచ్చింది, 2024 మేలో అమల్లోకి వచ్చింది. అయితే యుద్ధంలో బలగాలను నడిపే అధికారం వేరు. కొత్త కమాండ్లు ఏర్పాటు చేసేటప్పుడు ఆ అధికారాన్ని కమాండర్‌కు పూర్తిగా ఇవ్వాలి, ఎవరి హద్దు ఎంతవరకో ప్రభుత్వం పార్లమెంటుకు స్పష్టంగా చెప్పాలి.